గెంటేసిన రాత్రి ఎక్కడికి పోవాలి?

(సంఘం జిల్లా మహాసభలో ఒక మహిళా రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నేను పదో తరగతి దాకా చదివాను. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పుస్తకాల భాష నాకు రాదు, తెలిసింది తెలిసినట్టు చెప్తాను. ఎజెండా కాగితంలో నా పేరు పక్కన "నిలువ నీడ లేని కుటుంబాలకు, హింసకు గురైన మహిళలకు ప్రభుత్వ తాత్కాలిక వసతి" అని రాశారు. అది చూసి పొద్దున టీ దగ్గర ఒక అన్న అడిగాడు. "ఇది మహిళా సంఘాల పని కదమ్మా. మనకు మద్దతు ధర ఉంది, కౌలు కార్డులు ఉన్నాయి, కాలవ నీళ్లున్నాయి, వాటికే టైము చాలట్లేదు" అన్నాడు. ఆయన మంచి మనిషే, ధర్నా అంటే ముందుండే మనిషి. అందుకే ఆయన ప్రశ్నకే ముందు జవాబు చెప్పి, తర్వాత మిగతా సంగతికి వస్తాను.

నిలువ నీడ లేనివాళ్లంటే మన కళ్ల ముందు మెదిలేది టౌన్లో బస్టాండు, ఫ్లైఓవర్ కింద పడుకున్న మనుషులు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు సుమారు 17 లక్షల 70 వేల మంది అని తేలింది. అందులో 8 లక్షల 30 వేల మందికి పైగా పల్లెల్లో ఉన్నవాళ్లే. అంటే దాదాపు సగం మంది. మరి పల్లెలో ఇల్లు లేనివాళ్లు ఎక్కడ కనపడతారు? గుడి మండపంలో, స్కూలు వరండాలో, చుట్టాల ఇంటి పంచలో, రైతు గొడ్ల చావిట్లో. గొడ్ల చావిట్లో పడుకున్న ఆడమనిషిని ఎవరూ నిరాశ్రయురాలు అనరు. "అత్తారింట్లో పడలేదంట, వచ్చేసింది" అంటారు. అంతటితో లెక్క అయిపోతుంది.

పట్టణాలకు ఒక ఏర్పాటు ఉంది. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు చలికి చచ్చిపోతున్న మనుషుల గురించి గట్టిగా అడిగాక, పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలన్నారు. తర్వాత పట్టణ జీవనోపాధి మిషన్ కింద మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని కొలతలతో సహా రాశారు. ఆ షెల్టర్లు ఎలా నడుస్తున్నాయన్నది వేరే సంగతి, కనీసం కాగితం మీదైనా ఒక లెక్క ఉంది. పల్లెకు ఆ కాగితం కూడా లేదు. పల్లెలో అందరికీ ఎవరో ఒకరుంటారులే అని ఢిల్లీలో కూర్చున్నవాళ్లు అనుకుంటారు. ఆ "ఎవరో ఒకరు" ఎవరో నాకు చూపించమనండి.

ఇప్పుడు ఆ అన్నకు జవాబు. మన ఊళ్లల్లో రాత్రికి రాత్రి గూడు పోయేది ఎవరికో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రైతు పురుగుల మందు తాగి చచ్చిపోతే, పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్యకు పోతుంది. అప్పులోడు ఇంటి కాగితం పట్టుకుపోతే కౌలు రైతు కుటుంబానికి పోతుంది. ఆసామి స్థలంలో గుడిసె వేసుకున్న కూలి కుటుంబం, కూలి పెంచమని అడిగిన రోజున ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. ఇక మొగుడు తన్ని తలుపేసుకున్న ఆడమనిషి ఉండనే ఉంది. ఈ నలుగురూ మన సభ్యత్వ రసీదుల్లో ఉన్నవాళ్లే. ఇది మన పని కాకపోతే మరి ఎవరి పని?

కొందరు అంటారు, పుట్టిల్లు ఉంది కదా అని. పుట్టిల్లు పండక్కి. నాలుగో రోజున వదిన మొహం మారుతుంది. తండ్రి బతికి ఉంటే, "నా పరువు తియ్యకు, సర్దుకుపో" అంటాడు. నేను తప్పుపట్టడం లేదు, ఆ ఇంట్లోనూ గదులు రెండే. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా అని మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే చట్టం ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ వాటా నిజంగా చేతికి వచ్చుంటే చాలామందికి ఈ షెల్టర్ల గొడవే ఉండేది కాదు. వాటా అడిగితే పుట్టిల్లు పోతుంది, అడక్కపోతే గౌరవం పోతుంది. సరే, ఆ సంగతి ఇంకో సభలో మాట్లాడుకుందాం.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అనను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 6వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే షెల్టర్ హోమ్ ఆశ్రయం ఇచ్చి తీరాలి. 2015 నుంచి సఖి వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి, జిల్లాకు ఒకటి లెక్కన. పోలీసు సాయం, డాక్టరు, లాయరు, కౌన్సెలింగ్, మంచం, భోజనం, అన్నీ ఒకే చోట. 181 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా తీస్తారు. ఎక్కువ కాలం ఉండటానికి వేరే హోములున్నాయి. వాటిని ముందు స్వధార్ గృహ్ అనేవాళ్లు, ఇప్పుడు శక్తి సదన్ అంటున్నారు. ఏర్పాటు మంచిదే. కానీ దాన్ని గీసినవాళ్ల మనసులో ఉన్న ఆడమనిషి వేరు, మన ఊళ్లో ఉన్న ఆడమనిషి వేరు. అది ఎలాగో ఒక కేసు చెప్తాను. పేరు, ఊరు చెప్పను.

ఆమె కౌలు రైతు భార్య. కూతురికి తొమ్మిదేళ్లు, కొడుకుకు పదమూడు. వరి కోశాక మాగాణిలో మినుము చల్లుకున్నారు. ఒక రాత్రి పదకొండు గంటలకు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మోచెయ్యి వాచి ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. 181కి ఫోన్ చేశాం. అవతల మాట్లాడిన అమ్మాయి చాలా ఓపికగా మాట్లాడింది, సెంటరుకు రమ్మంది. సెంటరు మా ఊరికి 60 కిలోమీటర్లు. ఆ రాత్రి ఆటో దొరకలేదు, తెల్లారి వెళ్లాం. బాగానే చూశారు. చేతికి ఎక్స్‌రే తీయించారు, లాయరమ్మ వచ్చి కూర్చుని అంతా రాసుకుంది. అప్పుడు తెలిసింది కొడుకును లోపల ఉంచరని. పన్నెండేళ్లు దాటిన మగపిల్లాడికి అక్కడ చోటు లేదు. పదమూడేళ్ల కుర్రాడు, తల్లిని కొడుతుంటే అడ్డం వెళ్లి తను కూడా దెబ్బలు తిన్నవాడు, గేటు బయట నిలబడ్డాడు. వాడిని నేను మా ఇంటికి తీసుకొచ్చాను.

ఆ సెంటర్లో ఉండనిచ్చేది ఐదు రోజులు. ఐదో రోజున, "అమ్మా, ఇంకో జిల్లాలో హోము ఉంది, అక్కడ నెలల తరబడి ఉండొచ్చు, పంపిస్తాం" అన్నారు. వాళ్లు చెప్పింది సరైనదే. కానీ ఆమె ఏమందో వినండి. "మినుము కాయ ఎండింది మేడమ్, ఇంకో పది రోజుల్లో పీకకపోతే చేలోనే రాలిపోతుంది. నేను లేకపోతే మా బావ పీకి అమ్మేసుకుంటాడు. గేదె ఈనింది, పాలు ఎవరు తీస్తారు?" అని అడిగింది. అక్కడున్నవాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. ప్రాణం కంటే మినుము ఎక్కువా అన్నారు. అవును, ఎక్కువే. ఆ ఏడాది పిల్లల తిండి, స్కూలు, అప్పు మీద వడ్డీ, అన్నీ ఆ మినుములోనే ఉన్నాయి. ఆరో రోజు ఆమె మళ్లీ అదే ఇంటికి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది. తన్నులు తగ్గాయా అని నేను అడగను, ఆమె చెప్పదు.

అక్కలారా, ఉద్యోగం చేసుకునే ఆడమనిషి ఊరు మారినా చదువు వెంట వస్తుంది, చేతిలో పని వెంట వస్తుంది. మన ఆడవాళ్ల ఆస్తి ఏది? చేలో నిలబడ్డ పంట, చావిట్లో గేదె, డ్వాక్రా గ్రూపులో పొదుపు. ఈ మూడూ ఊరు దాటి రావు. అందుకని పొలానికి దూరంగా కట్టిన షెల్టరు రైతు మహిళకు షెల్టరే కాదు. పొద్దున వెళ్లి పంట చూసుకుని సాయంత్రం తిరిగి రాగలిగినంత దూరంలో ఉండాలి. అంటే జిల్లా కేంద్రంలో కాదు, మండల కేంద్రంలో ఉండాలి. పక్కన నాలుగు గుంజలు పాతిన రేకుల చావిడి కూడా కావాలి అని నేనంటే మొన్న ఒక ఆఫీసరు నవ్వాడు. నవ్వనివ్వండి. గేదె ఉంటే ఆమెకు రోజూ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, గేదె లేకపోతే మొదటి వారంలోనే చెయ్యి చాపాలి.

ఇది కొత్త గొంతెమ్మ కోరికా? కాదు. మనది తుపాను జిల్లా. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పది వేలకు పైగా మనుషులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత తీరం పొడవునా ప్రభుత్వం తుపాను షెల్టర్లు కట్టింది. ఎత్తు స్తంభాల మీద, పైకి మెట్లతో ఉండే ఆ కాంక్రీటు భవనాలు మీరందరూ చూసినవే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఏం చేశారో గుర్తుందా? ముందు రోజే దండోరా వేశారు, ఆటోలు, బస్సులు పెట్టారు, పునరావాస కేంద్రాల్లో అన్నం వండారు. నీ రేషన్ కార్డు ఎక్కడ అని గుమ్మంలో ఎవరూ ఆపలేదు. నీ కొడుకుకు పన్నెండేళ్లు దాటాయి బయటే ఉండు అనలేదు. గొడ్లను మెరక మీదికి తోలుకోమని కూడా మైకులో చెప్పారు. ఒక్క రాత్రిలో వేలమందికి నీడ చూపించగలిగిన యంత్రాంగమే కదా ఇది. చేతకాక కాదు. గాలివాన వస్తే ఇల్లు వదిలిన మనిషిని ప్రభుత్వం బాధితురాలు అంటుంది, మొగుడు గెంటితే ఇల్లు వదిలిన మనిషిని "ఫ్యామిలీ మ్యాటర్" అంటుంది.

ఒక లాయరు గారు శిక్షణ తరగతిలో చెప్పారు. మన దివిసీమ మునిగిన ఆ 1977లోనే ఇంగ్లండులో ఒక చట్టం చేశారంట. పిల్లలున్న కుటుంబానికి నీడ పోతే చోటు చూపించడం స్థానిక కౌన్సిల్ బాధ్యత అని అందులో రాశారు. దయతలిచి ఇచ్చేది కాదు, బాధ్యత. ఆ మాట నాకు బాగా పట్టింది. మన దగ్గర స్కీము ఉంటుంది, నిధులు వచ్చినప్పుడు నడుస్తుంది, రానప్పుడు అద్దె కట్టలేదని తాళం పడుతుంది.

తుపాను షెల్టర్లనే వాడుకోవచ్చు కదా అని మన కమిటీలో ఒక తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోను. అవి సముద్రం ఒడ్డున, ఊరికి ఎడంగా ఉంటాయి. మొగుడు కత్తి పట్టుకుని వెంటపడుతున్న ఆడమనిషిని తీసుకెళ్లి ఊరి బయట పెట్టకూడదు. పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి కేకేస్తే వినపడే దూరంలో ఉండాలి. మండల కేంద్రాల్లో వాడకం లేక చెత్త పేరుకున్న ప్రభుత్వ క్వార్టర్లు ఉంటాయి, మా మండలంలో రెండున్నాయి. తలుపులు బిగించి, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి బాగుచేస్తే ఐదారు కుటుంబాలకు సరిపోతాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, లోపల గడియ, పొయ్యి పెట్టుకునే చోటు. గది విడిగా ఉంటే పదమూడేళ్ల కొడుకు తల్లి దగ్గరే ఉండొచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. హాలు కట్టి ఇరవై మంచాలు వేస్తేనే ఈ వయసు నిబంధనలు కావాల్సి వస్తాయి.

అసలు ఆమే ఎందుకు ఇల్లు వదలాలి? ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు భర్తనే బయటికి పొమ్మని ఆర్డర్ వెయ్యొచ్చు, లేదా అలాంటి ఇల్లే వేరేగా చూపించమని, అద్దె కట్టమని చెప్పొచ్చు. అత్తగారిని మాత్రం బయటికి పంపమని వెయ్యకూడదు, ఆ చట్టం ఆడవాళ్ల మీద ఆ ఆర్డర్ ఒప్పుకోదు. ఇల్లు మామ పేరున ఉంది, నీకేం హక్కు అనే మాట ఊళ్లో ప్రతి పంచాయితీలో వింటాం. అది చెల్లదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ప్రభా త్యాగి కేసులో ఇంకా ముందుకెళ్లింది. ఆవిడ భర్త ప్రమాదంలో చనిపోయాక అత్తింట్లో చోటు లేకుండా పోయిన మనిషి. ఆమెకూ నివాస హక్కు ఉందని తీర్పు వచ్చింది. ఫిర్యాదు ఇచ్చాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో కేసు తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంలోనే రాసుంది. వాస్తవంలో ఎన్ని వాయిదాలు పడతాయో కోర్టు మెట్లెక్కినవాళ్లను అడగండి. ఆ వాయిదాల మధ్య ఆమె తల దాచుకోవడానికే షెల్టరు కావాలి. హక్కు ఉంది, ఆర్డర్ వస్తుంది, వచ్చేదాకా ఎక్కడుండాలి అన్నదే ప్రశ్న.

ఇక ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాల సంగతి. మన సంఘం ప్రాణం పెట్టి పోరాడిన విషయం ఇది. ఆంధ్రలో ఏడు లక్షలు, తెలంగాణలో ఆరు లక్షలు అని జీవోలు తెచ్చుకున్నాం. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కూర్చుని నిజమైన రైతు ఆత్మహత్యా కాదా అని తేలుస్తారు. కౌలు రైతయితే కార్డు లేదని కొట్టేస్తారు. కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు. ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. ఫైలు తిరిగే ఆ నెలలన్నీ ఆమె ఎక్కడ పడుకుంటుంది అన్నది ఏ ఫారంలోనూ లేదు. "నువ్వొచ్చాకే మావాడు పోయాడు" అని అత్తింటివాళ్లు సామాను బయట పెడతారు. పరిహారం వచ్చేదాకా ఉంచుకుని, వచ్చాక గెంటినవాళ్లూ ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో ఆమెకు, పిల్లలకు, అత్తగారికి సమాన భాగం ఉంది. 1బిలో పేరు ఎక్కించుకోవాలంటే ఊళ్లో ఉండాలి, ఊళ్లో ఉండాలంటే గది కావాలి. ఇల్లు లేక పుట్టింటికి పోయిన మనిషి పేరు అడంగల్లోకి ఎక్కడం నేనింతవరకు చూడలేదు. అందుకే మన నిజనిర్ధారణ బృందాలు తీసుకెళ్లే ఫారంలో ఇంకో గడి చేర్చమంటున్నాను. ఆమె, పిల్లలు ఈ రాత్రి ఎవరి కప్పు కింద ఉన్నారు, ఆ కప్పు ఎవరి పేరున ఉంది అని.

ఇళ్ల స్థలాలు ఆడవాళ్ల పేరున ఇవ్వడం మంచి పద్ధతి. 2020 డిసెంబరులో ఇచ్చిన పట్టాలు అలాగే ఇచ్చారు, తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లూ ఇంటి ఆడమనిషి పేరునే ఇస్తున్నారు. కానీ గెంటేసిన మనిషి రేషన్ కార్డు భర్త కుటుంబంతోనే కలిసి ఉంటుంది. కార్డు విడిగా రావాలంటే విడాకుల కాగితం తెమ్మంటారు. కార్డు లేనిదే స్థలం లేదు, పింఛను లేదు. రక్షణాధికారి రాసే గృహహింస నివేదికనే ఆధారంగా తీసుకుని విడి కార్డు ఇవ్వాలని, ఆ కార్డుతో స్థలంలో ముందు వరస ఇవ్వాలని మనం అడగాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.

"కాపురాలు కూలుస్తారా మీరు?" అని అడిగేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, నాకు తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 30 మంది, తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో హింస పడ్డామని చెప్పారు. ఆ కాపురాలను షెల్టరు కూల్చలేదు, షెల్టరు లేనప్పుడే ఇలా ఉన్నాయి. పోయే చోటు ఒకటుందని తెలిస్తే ఎత్తిన చెయ్యి ఆగే మగవాళ్లూ ఉంటారు. ఇంకొకటి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మన సంఘం జెండా మోసే ఇళ్లల్లో కూడా ఈ గొడవలున్నాయి. మనవాడు కదా అని స్టేషను దగ్గర భర్త తరఫున మాట్లాడటానికి సంఘం నాయకుడు వెళ్లకూడదు. వెళ్తే సభ్యత్వం ఆపాలి. ఇది తీర్మానంలో రాయమని నా కోరిక. పెద్దలు వద్దంటే చర్చ పెట్టండి, నేను నిలబడి మాట్లాడతాను.

తీర్మానం ముసాయిదా మహిళా కమిటీ రాసి ఉంచింది, భోజనాల తర్వాత చదువుతారు. ప్రతి మండల కేంద్రంలో కనీసం ఐదు కుటుంబాలకు విడి గదులు, కొడుకు వయసు అడ్డు లేకుండా. ఐదు రోజులు కాదు, కోర్టు ఆర్డర్ వచ్చేదాకా లేదా పంట చేతికొచ్చేదాకా, ఏది ఆలస్యమైతే అది. చేలో ఉన్న పంట ఆమె కోసుకునేందుకు తహసీల్దారు, వ్యవసాయాధికారి రాతపూర్వకంగా రక్షణ ఇవ్వాలి. కౌలు కార్డు చనిపోయిన భర్త పేరున ఉంటే ఆ సీజను మిగిలిన కాలానికి భార్య పేరుకు మార్చాలి. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంది, రాత్రిపూట బండి ఏర్పాటు ఆ అమ్మాయి చేతిలో పెట్టాలి. 60 కిలోమీటర్ల ఆటో ఖర్చు దెబ్బలు తిన్న మనిషి పెట్టుకోకూడదు.

ఈ లోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ మండలంలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనాలు ఎన్ని, ఎక్కడున్నాయి, కప్పు కురుస్తుందా, బోరు ఉందా అని ఒక కాగితం మీద రాసుకురండి. ఫోటో తీస్తే ఇంకా మంచిది. వచ్చే నెల మొదటి సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీతో పాటు ఆ జాబితా కూడా ఇద్దాం. చోటు లేదు అనే మాట వాళ్ల నోట రాకుండా. మండలానికి ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగాయన తప్పకుండా రండి. పొద్దున తొమ్మిదిన్నరకు కలెక్టరేట్ గేటు దగ్గర నేను ఉంటాను.